అన్‌ట్రైన్డు టీచరమ్మ

గుల్జార్ బీ పాఠం చెప్పే తీరే వేరు. ఆదోనిలో పత్తి మిల్లుల వెనక వీధి బడి అది. ఇంగ్లీషులో మాట అర్థాన్ని తిరగేసే ‘అన్’ వచ్చిన రోజు ఆమె పిల్లల్నే మాటలుగా నిలబెట్టేది. ఒకడు ‘హ్యాపీ’ అయి పళ్ళికిలించేవాడు. ఇంకొకడు ‘అన్’ అయి ముందుకొచ్చి నిలబడగానే మొదటివాడు మొహం వేలాడేయాలి. ‘కైండ్’ అయితే ఉన్న దయంతా పోయి ఉరిమి చూడాలి. పిల్లలు పడీ పడీ నవ్వేవారు. ఇంగ్లీషంటే పారిపోయే హమాలీల పిల్లలకు ఆ పాఠం జన్మలో మరపు రాదు.

అంతా బాగానే ఉంది గానీ, ఆమెకు టీచరు ట్రైనింగు కాలేదు. అదంటే కర్నూలు పోయి హాస్టల్లో ఉండాలి. ఇంట్లో చూస్తే పక్షవాతంతో మంచం పట్టిన తల్లి. పెళ్ళీ పెటాకులూ లేని ఈ బిడ్డ తప్ప ఆమె నోట్లో ముద్ద పెట్టే దిక్కెవరు? వచ్చే ఏడు పోదాం, పై ఏడు పోదాం అనుకుంటుండగానే వయసు దాటిపోయింది. హెడ్మాస్టరు అందరి ఎదుటా ‘అన్‌ట్రైన్డు టీచరమ్మ’ అనేవాడు. పేరు పెట్టి పిలిస్తే ఆయన సొమ్మేం పోయిందో!

డెబ్బయ్యెనిమిదిలో ఆ బడివాళ్ళు ట్రైనింగు లేనివాళ్ళను తీసేయాలనుకున్నారు. ఇన్‌స్పెక్టరు పాఠం చూసి బాగుందని రాస్తే మాత్రం ఉంచుతారట. ఉద్యోగం పోతే తల్లి మందులకే కాదు, కూటికీ దారి లేదు. గుల్జార్ బీ అల్లాను తలుచుకుని, తనకు చేతనైన ‘అన్’ పాఠమే ఎత్తుకుంది.

ఇన్‌స్పెక్టరు కూడా నవ్వాడు. లేస్తూ లేస్తూ, టీచరు చెప్పని ‘అన్’ మాట ఒకటి ఎవరైనా చెప్పమన్నాడు.

హులిగెమ్మ చెయ్యెత్తింది. హమాలీ బసన్న కూతురు, టీచరంటే ప్రాణం పెట్టే పిల్ల. హెడ్మాస్టరు టీచరమ్మను పిలిచే పేరు పెద్ద బిరుదనుకుంది పాపం. అందులోనూ ‘అన్’ ఉందని అప్పుడే కనిపెట్టి మురిసిపోయింది.

“అన్‌ట్రైన్డు టీచరమ్మ, సార్.”

ఇన్‌స్పెక్టరు, సరైనదేనా అన్నట్టు గుల్జార్ బీ వైపు చూశాడు. సరైన జవాబును ఆమె తప్పని ఎట్లా అంటుంది? శభాష్, కూర్చో అంది.

టీచరుకు ట్రైనింగు లేదని పిల్లలకే తెలిసిపోయాక రేపు తల్లిదండ్రులు ఊరుకుంటారా, తానేం రాయగలనని ఇన్‌స్పెక్టరు చేతులు దులుపుకుని పోయాడు. వేసవి సెలవులయ్యాక ఆమె చోటికి ఎమ్మిగనూరు నుంచి ట్రైనింగయిన సారు వచ్చాడు.

హులిగెమ్మ టీచరమ్మ ఇల్లు వెతుక్కుంటూ వచ్చింది. “బడికి ఏమిటికి రాకుండా ఉండారు టీచరమ్మా? ఆ పొద్దు నేను తప్పు సెప్పినానా?”

“లేదు బేటీ. శానా బాగ సెప్పినావు.”

పిల్ల ఎగురుకుంటూ పోయింది. గుల్జార్ బీ తలుపు వేసుకుని, తల్లికి వినపడకుండా కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది.