పగబట్టావా అన్న మాట

“ఏంటే, నా మీద పగబట్టావా?” అన్నారు ఆయన, పళ్లెంలో ఆనపకాయ కూర కలుపుకుంటూ.

“ఆ, పగే. మాట్లాడకుండా తినండి,” అన్నాను.

నాకూ మా ఆయనకీ మధ్య నడిచిన చివరి మాటలు ఇవే. ఆయనకి బీపీ ఎక్కువైందని డాక్టరు ఉప్పు తగ్గించమంటే, నేను కూరలో వేయడం మొత్తానికే మానేశాను. ఆయన తిని, చెయ్యి కడుక్కుని, చేలో నీళ్లు చూసి రావడానికి వెళ్లారు. గట్టు మీద పడిపోయారని కబురొచ్చేసరికి నేను ఆ పళ్లెమే తోముతున్నాను. మళ్లీ మాట్లాడింది లేదు.

సమాధి చేసిన రోజు పాస్టరుగారు అడిగారు, “చివరిగా ఏమన్నారమ్మా?” అని. అంతమంది ముందు పగ అనే మాట నోట రాలేదు. “ప్రార్థన చేసుకున్నారండి,” అన్నాను. అందరూ ధన్యజీవి అన్నారు. ఇప్పుడు ఆయన పోయిన ఏడాదికి చర్చిలో పెట్టే జ్ఞాపకార్థ కూడికకి అచ్చువేసే కాగితంలోనూ అదే వేయబోతున్నారు. అందుకే మా అన్నయ్య కూతురిని కూర్చోబెట్టి ఇది రాయిస్తున్నాను. నాకు సంతకం వరకే వచ్చు.

మొదటి ముక్క దగ్గరే ఆ పిల్ల కలం ఆపింది. “అత్తా, పగ అంటే నరుక్కునేదాకా వెళ్తారే, అది. అలిగావా అని రాయనా?”

“అలక వేరు. అలిగితే నేను కూరే వండను. ఆయన అన్నదే రాయి.”

పగ అంటే ఏంటో నాకు తెలియక కాదు. ఆయనకీ ఆయన అన్నగారికీ గట్టు తగాదాలో పదేళ్లు మాటల్లేవు. చర్చిలో ఒకరు ముందు వరసలో కూర్చుంటే ఇంకొకరు గుమ్మం దగ్గర. దారిలో ఎదురుపడితే మొహం తిప్పుకునేవారు. అది పగ. కాని ఆ సంగతిలో ఆయన ఏనాడూ ఆ మాట వాడలేదు. “మాకు పడదు,” అనేవారు, అంతే.

పగ అన్నది నాతోనే. తలకి నూనె గట్టిగా మర్దనా చేస్తే పగ. పొద్దున్నే ఫ్యాన్ ఆపేస్తే పగ. పీతల కూరలో కారం ఎక్కువైతే కళ్లనీళ్లు తుడుచుకుంటూ, “పుట్టింటి నుంచి తెచ్చుకున్న పగంతా ఇందులోనే వేశావా,” అని మళ్లీ వడ్డించుకునేవారు.

ఆ రోజు మాత్రం నేను ఆయన మొహం చూడలేదు. పొయ్యి వైపు తిరిగి ఉన్నాను. ఎప్పట్లా నవ్వుతూ అన్నారో, నిజంగా కష్టం కలిగి అన్నారో తెలియదు. నేను అవునన్నాను కదా, అది మనసులో పెట్టుకునే వెళ్లారేమో.

మొన్న కావాలని ఉప్పు లేకుండా కూర వండాను. ఒక్కదాన్నే కూర్చుని అంతా తిన్నాను. నన్ను ఆ మాట అనేవాళ్లు ఎవరూ లేరు.

అయిందా అమ్మా రాయడం? ఇంక మొదటినుంచి చదువు. ఆయన మాట దగ్గర తొందరపడకు. అందులో నవ్వు ఉందో లేదో వినాలి.