నెమలి కత్తి, ఖాళీ డబ్బా

మా వాడలో దస్రు అని ఒక ఆర్టీసీ కండక్టరు ఉండేవాడు. కురవి దగ్గర తండా మనిషి. మహబూబాబాద్‌లో, అంటే మా నోట్లో మానుకోటలో, మా ఇంటి గోడకు ఆనుకునే అద్దెకు ఉండేవాడు. కండక్టర్లందరికీ కాస్తో కూస్తో అనుమానం ఉంటుంది, ఉండాలి కూడా. కానీ ఈయనది ఉద్యోగానికి సరిపోయి ఇంటికి కూడా మిగిలేంత అనుమానం. ఒకసారి సొంత అత్త బస్సెక్కితే టికెట్ అడిగాడు.

"బిడ్డనే ఇచ్చిన గదరా, ఇంకా టికెటేంది?" అన్నదట ఆమె.

"బిడ్డ ఇంట్ల ఉన్నది. టికెట్ ఏది?" అన్నాడట ఈయన.

ఇలాంటి మనిషికి కత్తులు దాచుకునే పిచ్చి ఎట్లా పట్టిందో చెబుతాను. తండాలో చిన్నప్పుడు చూసిన కత్తులన్నీ పనికత్తులే. చూరులో చెక్కేవాళ్లు, నడుముకు దోపుకునేవాళ్లు. కండక్టరయ్యాక కాళేశ్వరం డ్యూటీ పడింది. అక్కడ గుడి దారిలో, గోదావరి అవతలి నుంచి వచ్చి సామాను పరుచుకుని అమ్మే మనిషి దగ్గర మొదటిసారి డబ్బాలో పడుకున్న కత్తిని చూశాడు. ఎర్ర అట్టడబ్బా, మూత మీద కత్తి బొమ్మ, లోపల కత్తి ఆకారంలోనే గుంట, దాని మీద పసుపు గుడ్డ. మడత కత్తి. ఇత్తడి పిడి మీద నెమలి.

"కత్తికి గూడ ఇల్లుంటదని నాకు గప్పుడే ఎరుకైంది టీచరమ్మా" అన్నాడు నాతో ఒకసారి. చెబుతుంటే కళ్లు మెరిశాయి. అప్పటికి వాళ్లకే సొంతిల్లు లేదు మరి!

ఇక అప్పటి నుంచి బస్సు ఎక్కడ ఆగితే అక్కడ, జనగామలో, భూపాలపల్లిలో, జాతరల్లో, డబ్బాతో సహా ఉన్న కత్తి కనబడితే వదిలేవాడు కాదు. డబ్బా లేకపోతే ఎంత మంచి కత్తయినా ముట్టుకునేవాడు కాదు. "డబ్బా లేని కత్తి టికెట్ లేని ప్యాసింజర్. యాడికెల్లి ఎక్కిందో ఎట్ల తెలుస్తది?" అనేవాడు. బీరువా పై అరలో డబ్బాలు వరసగా పేర్చాడు. ముట్టుకోవద్దు, మూత తీయవద్దు అని ఇంట్లో హుకుం.

భార్య సోమ్లీకి ఆ డబ్బాలంటే మంట. భార్యాభర్తలు ఇంట్లో లంబాడీలోనే మాట్లాడుకునేవాళ్లు. కొట్లాట వస్తే మాత్రం సోమ్లీ తెలుగులోకి దిగేది. గోడ ఇవతల మాకు అర్థం కావద్దూ మరి!

"కత్తికి చీర గట్టి పండవెడ్తే కూర తెగుతదా? బొద్దింకలకు మేడలు కట్టిచ్చినవు!" అనేది.

దస్రు బస్సు నడిపే డ్రైవరు రాజేందర్. ఏళ్ల తరబడి ఇద్దరిదీ ఒకటే బస్సు, ఒకటే టిఫిను గిన్నె. అతనిది కూడా సోమ్లీ పక్షమే. "డబ్బాల ఉన్న కత్తి, షెడ్డుల ఉన్న బస్సు రెండు ఒక్కటే అన్నా, తుప్పు" అనేవాడు.

సకల జనుల సమ్మె వచ్చింది. రెండువేల పదకొండు. బస్సులు డిపో దాటలేదు. బస్టాండు ముందు టెంటు వేశారు, పాటలు, డప్పులు, జై తెలంగాణలు. రోడ్డు మీదే పొయ్యిలు పెట్టి వండుకు తినే వంటావార్పు ఒక రోజు. పనిలేక దస్రు ఇంట్లో కత్తులకు నూనె రాయడం మొదలుపెట్టాడు. నెమలి కత్తి డబ్బా ఎత్తాడు. తేలిగ్గా ఉంది. మూత తీశాడు. పసుపు గుడ్డ ఉంది, కింద గుంట ఖాళీ.

గుడ్డ మడత కూడా తన మడత కాదు. అది చూశాక ఇక అనుమానానికి అడ్డేముంది!

ఆ డబ్బాను ఈ మధ్య తెరిచి చూసింది ఎవరు? రాజేందర్. సమ్మెకు ముందు ఇంటికొచ్చి కత్తిని చేతిలో తిప్పి, "ఇంత మంచి కత్తి ఉల్లిగడ్డ మొఖం చూడకుండనే సస్తదా అన్నా?" అన్నవాడు అతనే. అప్పుడు నవ్విన దస్రుకు ఇప్పుడా మాట వేరేగా వినబడింది.

నేరుగా టెంటు దగ్గరికి పోయాడు. అందరి ముందే అడిగాడు. "రాజేందర్, నా సామాన్ నీ దగ్గరున్నదా?"

సామాన్ అంటే మాకు గిన్నే, చెంబూ, కత్తీ అన్నీ సామానే. కానీ ఆ రోజుల్లో, ఆ టెంటు దగ్గర, పోలీసు చెవికి సామాన్ అంటే ఆయుధమే. అటుపక్క నిలబడ్డ కానిస్టేబులు ఆ మాటకు తల తిప్పి చూశాడు.

"ఏం సామానన్నా? గిట్ల బజార్ల అడుగుతవేంది, పోలీసోళ్లు వింటలేరా?" అన్నాడు రాజేందర్ గొంతు తగ్గించి.

"దొంగకే గా భయం ఉంటది."

"నన్నా? దొంగంటున్నవా నన్ను?"

"ఇన్నేండ్లు నీ ఎనక కూసున్న. నీ మెడ చూసిన గని నీ మొఖం నాకేం ఎరుక?"

రాజేందర్ మెడలోని కండువా తీసి దులిపి మళ్లీ వేసుకుని, టెంటు అవతలి కొసకు పోయి కూర్చున్నాడు.

ఇంటికొచ్చాక దస్రుకు కొత్త భయం పట్టుకుంది. రోజులు బాగాలేవు, పోలీసులు ఇళ్లు వెతుకుతున్నారని పుకార్లు. ఆ కత్తితో ఎవడైనా ఎక్కడైనా ఏదైనా చేస్తే? డబ్బా తన బీరువాలో, కత్తి వాడి చేతిలో! డబ్బా ఉంటే కత్తి తనదేనని సాక్ష్యం. డబ్బా లేకపోతే, రేపు కత్తి దొరికినా తనదని చెప్పుకోలేడు. ఉంచాలా, పారేయాలా? డబ్బా ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు.

"కాలవెట్టు దాన్ని, పీడ పోతది" అన్నది సోమ్లీ.

దస్రు తల ఎత్తాడు. "కాలవెట్టుమని నీకెందుకే గంత తొందర?"

"నాకేం తొందర?"

"మడత నాది కాదు. ఎడమ దిక్కు మడిచిర్రు. చీర మడిచినట్టు."

అంతే, సోమ్లీ తెలుగులోకి దిగింది. "అవ్, నేనే తీసిన! వంటావార్పు నాడు మా ఆడోళ్ల వంతు. కత్తిపీట ఒక్కటి ఏడికి సాలుతది? పొద్దుమీకి తెచ్చి పెడ్దామనుకున్న. పోలీసు జీపొచ్చే, అందరు ఉరికిరి, కత్తి పోయింది. చెప్తే సంపుతవని చెప్పలే!"

వంకాయలు, టమాటలు, ఉల్లిగడ్డలు అన్నీ ఆ నెమలి కత్తితోనే కోశారట. కోసిన మనిషి డిపో మెకానిక్ భార్య ఓదెమ్మ. దస్రు, సోమ్లీ ఇద్దరూ ఓదెమ్మ ఇంటికి పోయారు.

"నాకెందుకు నీ కత్తి? కోసుడైనంక ఇచ్చేసిన" అన్నది ఓదెమ్మ.

"నా చేతికి ఇయ్యలే అక్కా."

"ఓసి, కత్తి ఎవలన్న చేతికిస్తరా? కొట్లాటలైతయని కింద పెట్టిన. నువ్వు నా ముంగటనే ఉంటివి. తీస్కున్నవనుకున్న."

"నేను చూడనే లేదక్కా. నువ్వింకా కోస్తున్నవనుకున్న!"

మా దిక్కున కత్తి గానీ కత్తెర గానీ చేతిలో నుంచి చేతికి ఇవ్వరు. కింద పెడితే అవతలివాళ్లు తీసుకుంటారు. కొట్లాటలు రాకుండా పెట్టుకున్న ఆచారం. ఒకరు పెట్టారు, ఇంకొకరు తీయలేదు. మధ్యలో నేల మీద కాసేపు ఆ కత్తి ఎవరిదీ కాకుండా పోయింది.

మరి దస్రు పోయి రాజేందర్‌కు తప్పయిందని చెప్పాడా? చెప్పలేదు! "గప్పుడు వడ్డిచ్చినోడు ఎవడు? వాడే గా? కింద ఉన్నది చూసి జేబులేసుకుంటే?" అన్నాడు సోమ్లీతో. పాత అనుమానానికి కొత్త కారణం దొరికింది. సమ్మె ముగిసి బస్సులు కదిలాక అధికారులను బతిమాలి డ్యూటీ మార్పించుకున్నాడు. కొత్త డ్రైవరు అసలు మాట్లాడడు. టిఫిను గిన్నెలో సగం అన్నం ఇంటికి తిరిగొచ్చేది. "ఏందయ్యా, తినలే?" అంటే "ఆకలి లేదు" అనేవాడు. ఖాళీ డబ్బా మాత్రం కాల్చలేదు. వరసలో దాని చోట దాన్నే పెట్టాడు.

ఎండలు ముదిరాక ఓదెమ్మ భర్త రిటైరయ్యాడు. డిపోలో భోజనాలు పెట్టారు, ఓదెమ్మ పిలిస్తే నేనూ పోయాను. వండే గంజులు, గంటెలు, పొయ్యిలు అన్నీ బక్కయ్య టెంట్ హౌస్‌వే. చెట్టు కింద వంటమనిషి ఉల్లిగడ్డలు కోస్తున్నాడు. దస్రు మంచినీళ్లకని అటు పోయి ఆగిపోయాడు.

నెమలి! ఇత్తడి పిడి మీద నెమలి. మెడ నుంచి తోక దాకా ఎర్ర పెయింటు పూసి ఉంది. అది బక్కయ్య గుర్తు. ఆయన ప్రతి గంటెకూ, ప్రతి మూకుడుకూ అదే ఎర్ర రంగు.

"బక్కన్నా, గిది నా కత్తి!"

"ఎర్ర పెయింటున్నదంటే నాదే" అన్నాడు బక్కయ్య. "సమ్మెల వంటావార్పుకు గంజులు ఇచ్చిన. వాపసొచ్చినప్పుడు గంజుల ఉండె. నా సామాన్ల ఉన్నది నాది కాక ఎవలది?"

"జర ఆగు" అని దస్రు ఇంటికి ఉరికి ఎర్ర డబ్బా పట్టుకొచ్చాడు. రొప్పుతున్నాడు. ఒక్క రాజేందర్ తప్ప తినేవాళ్లందరూ విస్తర్లు వదిలి చుట్టూ మూగారు. బక్కయ్య మూత మీద బొమ్మ చూశాడు, కత్తి చూశాడు.

"బొమ్మల కత్తి అద్దం లెక్క మెరుస్తున్నది. గిది బొగ్గు లెక్క ఉన్నది. గిది గది కాదు."

నిజమే. టమాట పులుపుకు, ఉల్లిగడ్డ నీళ్లకు అలుగు నల్లబడిపోయింది. దస్రు కత్తిని మడిచి డబ్బా గుంటలో పెట్టాడు. టక్కున కూర్చుంది. పసుపు గుడ్డ కప్పాడు.

బక్కయ్య తల గోక్కున్నాడు. "సరే తియ్, నీదే. పెయింటు ఖర్చు మాఫ్." డబ్బాలోంచి కత్తి తీసి చివరిసారి చూసుకుని, అలవాటు ప్రకారం కింద పెట్టాడు.

దస్రు వంగలేదు. నేల మీది కత్తి వంక చూస్తూ, "అందరు చూడుండ్రి. కింద పెట్టింది బక్కన్న. తీస్తున్నది నేను. మల్ల ఎవలు నాకు తెల్వదనొద్దు" అన్నాడు. జనం గొల్లుమన్నారు. సోమ్లీ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. దస్రు నవ్వలేదు. కత్తి తీసుకుని, విస్తరి దగ్గర కదలకుండా కూర్చున్న రాజేందర్ ముందు పోయి నిలబడ్డాడు.

"ఏంది?" అన్నాడు రాజేందర్ తల ఎత్తకుండా. "జేబులు చూస్తవా?"

"గిది నువ్వు తీస్కో."

"నాకెందుకు?"

"ఉల్లిగడ్డ మొఖం చూడాలంటివి గద. చూసింది. ఇగ డబ్బాల పండదిది."

చేయి చాచాడు. కింద పెట్టలేదు. చూస్తున్న ఓదెమ్మ ఒక్కసారి అరిచింది, "చేతికియ్యకురా, కొట్లాటైతది!"

"అయ్యేది అయ్యింది గదక్కా" అన్నాడు దస్రు. "ఇంకేముంటది కొట్లాడనీకి?"

రాజేందర్ ఎంగిలి చేయి లుంగీకి తుడుచుకుని కత్తి అందుకున్నాడు. నెమలి మీది పెయింటును గోటితో గీకాడు. తర్వాత అడిగాడు, "మరి డబ్బా?"

దస్రు డబ్బాను చంకలో ఇరికించుకుని వెనక్కి జరిగాడు.

"డబ్బా నా తాన్నే ఉంటది. కత్తి మల్ల పోతే ఎవలదో సాక్ష్యం ఉండొద్దా?"

"ఓ కండక్టర్ సాబ్!" అని సోమ్లీ తెలుగులో అరిచింది, డిపో అంతా వినబడేలా. "గిప్పుడన్న ఆయన పక్కన కూసోని తిను!"

రాజేందర్ జరిగి చోటిచ్చాడు. దస్రు కూర్చునేముందు ఆ చోటును ఒకసారి అనుమానంగా చూసి, డబ్బాను తొడ కింద పెట్టుకుని కూర్చున్నాడు.