మాస్టారు అడిగిన ముగింపు

మా తెలుగు మాస్టారు పోయారని మొన్న స్నేహితురాలు ఫోన్ చేసి చెప్పింది. గుండె జబ్బట. ఆయన్ని ఒకరోజు గడగడలాడించినదాన్ని నేను. తప్పు నాదని ఆయన ఉండగా చెప్పలేకపోయాను.

ఎనిమిదో తరగతిలో ఆయన మా చేత మామూలు వ్యాసాలు రాయించేవారు కాదు. "మీ ఇంట్లో నోరు లేనిదాన్ని ఒకదాన్ని చూసుకోండి. అదే మీరనుకుని 'నేను' అని మొదలెట్టండి" అనేవారు. ఒకడు చీపురయ్యాడు, ఒకతె రోలయింది. రాసింది ఇంట్లో అమ్మకి చదివి వినిపించి, సంతకమో వేలిముద్రో వేయించుకు రావాలి. అదీ పద్ధతి.

నేను మా అయ్య తెప్పనయ్యాను. వలలు, ఉప్పునీళ్లు, అయ్య తిట్లు అన్నీ రాసి నడిసముద్రంలో ఆపేశాను. "బాగుందమ్మా, ముగింపేదీ? చివరికి తెప్ప ఏమవుతుందో రాయి" అన్నారు. ఆయనది అరసవల్లిలో కిరాణా కొట్టు నడిపే కుటుంబం. తెప్ప వేటలో ఉండగా దాని గురించి చెడ్డమాట అనకూడదని ఆయనకి తెలీదు. నాకు తెలుసు. అయినా మార్కుల ఆశకొద్దీ "నేను మునిగిపోయాను" అని రాసేశాను.

మర్నాడు పొద్దున్న అమ్మకి చదివి వినిపించేసరికే అయ్య వేటకెళ్లిపోయాడు. అమ్మ మొహం మాడిపోయింది. మధ్యాహ్నం గాలి లేచింది. తెప్పలన్నీ తిరిగొచ్చాయి, మాది తప్ప. అమ్మ తిన్నగా బడికొచ్చింది.

"మా పిల్ల సేత ఏటి రాయించినారు మాస్టారూ? మా మనిషి రాకపోతే నానేటి సేసేది?"

ఆయన వాదించలేదు. "తప్పు నాదేనమ్మా" అని మాతోపాటు ఒడ్డుకొచ్చి ఇసకలో కూర్చున్నారు. నా నోటుబుక్కులో ఆ చివరి వాక్యం కొట్టేసి పెన్ను నాకిచ్చారు. "తెప్పవి నువ్వే కదా. ఒడ్డుకి రా" అన్నారు. నాకింకేమీ తోచక "నేను వస్తన్నాను, వస్తన్నాను" అని పేజీ నిండా రాశాను.

ఇప్పుడు నేనూ పాఠాలు చెబుతున్నాను. ఎవరింట్లో ఎవరు వేటకెళ్లారో అడగందే పిల్లల్ని 'నేను' అని రాయమనలేను. ఆ బెంగ ఆయన దగ్గర నేర్చుకున్నదే. అందుకు ఆయనకి దణ్ణం పెట్టుకుంటాను.

ఆ రోజు పొద్దువాలే వేళకి తెప్ప కనిపించింది. అమ్మ నీళ్లలోకి పరిగెత్తింది. మాస్టారు నా వైపు తిరిగి అడిగారు.

"ఎంతమంది వెళ్లారమ్మా?"

"ముగ్గురు మాస్టారూ."

వేలు చాపి లెక్కపెట్టారు. నమ్మకం కుదరక మళ్లీ పెట్టారు. అయ్య తడిబట్టలతో వచ్చి ఎదురుగా నిలబడ్డాక కూడా ఆయన వేలు దిగలేదు, పెదవులు "ఒకటి, రెండు, మూడు" అంటూనే ఉన్నాయి.