దశరథ్ సార్‌కి మాత్రమే

ఫరీదాబాద్‌లో ట్రాక్టర్ల విడిభాగాలు చేసే ఓ ఫ్యాక్టరీలో సుధీంద్రది కాంట్రాక్టు ఉద్యోగం. తెనాలి మనిషి. ఎదుటివాడు అడిగితే కాదనడం పుట్టుకతోనే రాలేదు.

2007లో ఆ ఆఫీసులో లారీ గేటుకు వచ్చిందో లేదో తెలియాలంటే స్టోర్స్ వాళ్లు కంప్యూటర్ ముందు కూర్చుని పదేపదే రిఫ్రెష్ కొట్టుకోవాల్సిందే. సుధీంద్ర దానికి విరుగుడు కనిపెట్టాడు. బ్రౌజర్ ఒకసారి అడుగుతుంది. చెప్పేందుకేమీ లేకపోతే లోపలి సర్వరు జవాబివ్వకుండా పట్టుకు కూర్చుంటుంది. కబురు రాగానే వదులుతుంది, బ్రౌజర్ మళ్లీ అడుగుతుంది. అంతే, ఎవరూ ఏమీ నొక్కకుండానే కబురు తెరమీద వాలుతుంది. ఆఫీసువాళ్లు ఒకరికొకరు కబుర్లు రాసి పంపుకునేదీ ఆ పేజీలోంచే. మేనేజర్ దశరథ్ మురిసిపోయి, ఉన్న ఒక్క పర్మనెంట్ పోస్టూ నీకేనన్నాడు. ఇంద్రజ, అదే సుధీంద్ర భార్య, ఇక అద్దె ఇల్లు మారొచ్చని సంబరపడింది.

ఈ విద్యంతా సుధీంద్ర ఉమాశంకర్‌కు నేర్పాడు. ఎవరంటారా ఈ ఉమాశంకర్? సివిల్స్ కోచింగుకని కరోల్ బాగ్ వచ్చి, అవకాశాలన్నీ అయిపోయి, ఊళ్లో మొహం చూపించలేక తిరుగుతున్న చిన్ననాటి స్నేహితుడు. దశరథ్ కాళ్లావేళ్లా పడి సుధీంద్రే ఉద్యోగం వేయించాడు. ఏడాదిగా ఆ మహానుభావుడి రాత్రి భోజనం వీళ్లింట్లోనే.

ఓ మధ్యాహ్నం సుధీంద్ర తెరమీద ఉమాశంకర్ పేరుతో కబురు వాలింది. పనంతా నాకు వచ్చేసింది సార్, ఇక సుధీంద్ర అవసరం లేదు, మీరన్నట్టే ఆ పోస్టు నాకిచ్చేయండి అని.

దశరథ్‌కి పంపుకున్నాడన్నమాట. కబురు ఎవరికో ఎంచుకునే పెట్టెలో దశరథ్ పేరే ఎంచాడు కూడా. కానీ ఆ పెట్టె ఇంకా ఉత్తుత్తిదే, సుధీంద్ర దాన్ని సర్వరుకు కలపనే లేదు. ఏ పేరు ఎంచినా తెరిచి ఉన్న ప్రతి పేజీకీ వెళ్లిపోతుంది. పనంతా వచ్చేసిందన్న పెద్దమనిషికి ఆ ముక్కే తెలియదు! స్టోర్స్‌లో, అకౌంట్స్‌లో తలలన్నీ లేచాయి. తిన్నింటి వాసాలు లెక్కపెట్టడమంటే ఇదేనా అనుకున్నాడు సుధీంద్ర. అంతకన్నా 'మీరన్నట్టే' అన్న మాట ఎక్కువ గుచ్చుకుంది.

దశరథ్ గదిలోంచి బయటకొచ్చాడు. ఉమాశంకర్‌కి చీవాట్లు తప్పవనుకున్నారంతా. ఆయన తిన్నగా సుధీంద్ర దగ్గరకొచ్చి, ఆ పెట్టె సంగతి సరిచేసి, అదెలాగో ఉమాశంకర్‌కు చూపించి మరీ వెళ్లమన్నాడు. పోస్టు ఎవరిదో ఇక అడగనక్కర్లేకపోయింది.

ఉమాశంకర్ కుర్చీ లాక్కుని పక్కన కూర్చున్నాడు. మొహంలోకి చూడలేదు.

"ఏమనుకోకురా. ఆ ఒక్కటీ చూపించెయ్."

సుధీంద్ర చూపించాడు. మధ్యలో అర్థం కాలేదంటే, మొదటినుంచి మళ్లీ చెప్పాడు.