అరల స్టాండు ఇచ్చిన ఆశీర్వచనం

చనిపోయిన ఒక పెద్దమనిషిని, ఆయనకి గాని ఆయన కొడుకులకి గాని చెప్పకుండా, ముక్కూ మొహం తెలియని వాళ్ళ పెళ్ళికి పెద్దదిక్కుగా పంపిన ఘనత నాది. తెనాలిలో పోయినాయన రేపల్లె పెళ్ళికూతురినీ బాపట్ల పెళ్ళికొడుకునీ నిండు మనసుతో ఆశీర్వదించాడు. ఇందులో దయ్యాలూ భూతాలూ లేవు. ఉన్నవి నేను, నా మెకానికల్ డిప్లొమా, నేను తయారుచేసిన ఒక ఇనప స్టాండు. ఈ మూడింటిలో దేనివల్ల ఎక్కువ నష్టం జరిగిందో చివర్లో మీరే తేల్చండి.

నాలుగైదేళ్ళ కిందటి మాట. పాలిటెక్నిక్ నుంచి అప్పుడే బయటపడ్డాను. ఆ వయసులో డిప్లొమా కొత్త చెప్పుల్లాంటిది. తొడుక్కున్నవాణ్ణి కరుస్తుంది, పక్కవాళ్ళకి కిర్రుమని వినిపిస్తుంది. ఏ పనైనా ఒకటి, రెండు, మూడు అని వరస వేసుకుని గాని చేసేవాణ్ణి కాదు. పళ్ళు తోముకోవడానికి కూడా నా దగ్గర ఒక క్రమం ఉండేది. ఉద్యోగం మాత్రం ఏ వరసలోనూ రాలేదు. అందుకని మా అమ్మ నన్ను తెనాలిలో ఉన్న తన తమ్ముడి ప్రెస్సుకి పంపింది.

మావయ్యది కాలితో తొక్కి నడిపే చిన్న ట్రెడిల్ ప్రెస్సు. శుభలేఖలు, కరపత్రాలు, పెద్దకర్మ కార్డులు వేసేవాడు. అచ్చయిన కార్డుల్ని తడి ఆరేదాకా చెక్క క్లిప్పులతో దండేలకి తగిలించేవాళ్ళు. దండేలు రెండు. తూర్పు గోడ పక్కన శుభకార్యాల దండెం, పడమటి గోడ పక్కన కర్మల దండెం. పెళ్ళిళ్ళ రోజుల్లో తూర్పు దండెం బరువుకి వంగి నేలని ముద్దుపెట్టుకుంటున్నా, పడమటిది ఖాళీగా గాలికి ఊగుతున్నా సరే, మావయ్య ఒక్క శుభలేఖని కూడా ఆ గోడ వైపు పోనిచ్చేవాడు కాదు.

"ఏంటి మావయ్యా ఇది? సిరాకి మైలేంటి?" అన్నాను నవ్వుతూ.

"సిరాకి లేదురా. కార్డు పుచ్చుకునేవాడికి ఉంది" అన్నాడు మావయ్య నవ్వకుండా.

అజ్ఞానం! నేను ఊరుకుంటానా? రెండు దండేలనీ రద్దు చేసే యంత్రం ఒకటి గీశాను. నాలుగు నిలువు కమ్మీలు. వాటి మధ్య ఒకదాని మీద ఒకటిగా అరలు. కార్డుకి పైనా కిందా గాలి ఆడాలని అరలకి రేకు బదులు నైలాను తీగలు అల్లాను. అన్నిటికన్నా గొప్ప సంగతి, పక్కన ఒక పిడి. పిడి ఎత్తితే అరలన్నీ ఒకేసారి దూరం జరుగుతాయి, దించితే దగ్గరవుతాయి. అచ్చం హార్మోనియం తిత్తిలాగా. ఎంత దూరం కావాలో అంత దగ్గర పిడిని నిలపడానికి ఒక మేకు. మొత్తం యంత్రానికి ఆధారం ఆ ఒక్క మేకే. పాఠకులు దాన్ని గుర్తుపెట్టుకోవాలి. నేనైతే గుర్తుపెట్టుకోలేదు.

స్టాండు ప్రెస్సులోకి దిగిన రోజున అక్షరాలు కూర్చే దానియేలన్న చేతిలో పని ఆపి దాని చుట్టూ ఓ ప్రదక్షిణం చేశాడు.

"ఏంటి బాబూ ఇది, కోళ్ళగూడా?"

"కాదన్నా. అరల మధ్య దూరం సర్దుకునే ఆరబెట్టే స్టాండు."

"ఓహో. కోళ్ళు లావెక్కితే గూడు పెంచుకోవచ్చన్నమాట" అని మళ్ళీ వెళ్ళి కూర్చున్నాడు.

మావయ్య మాత్రం ఒక షరతు పెట్టాడు. "ఒక్క పెద్ద పని దీనిమీద మచ్చ లేకుండా దింపు. అప్పుడు తూర్పు దండెం విప్పేద్దాం. కానీ ఇంజినీరూ, శుభం వేరు, అశుభం వేరు. ఒకే స్టాండు ఎక్కించావో, నిన్నే దండేనికి తగిలిస్తా."

ఆ పెద్ద పని శ్రావణమాసంలో వచ్చింది. రేపల్లె నుంచి శేషగిరిరావు మాస్టారు కూతురి పెళ్ళికి శుభలేఖలు వేయించడానికి వచ్చారు. మనిషి సన్నగా, సుద్దముక్కలా ఉన్నారు. కుర్చీలో కూడా అంచునే కూర్చున్నారు.

"బాబూ, మీతో చెప్పుకోవడానికి సిగ్గేంటి గాని, ఇదివరకు ఒక సంబంధం తుమ్ముకి పోయిందండి."

"తుమ్ముకా?"

"తాంబూలాల వేళ ఎవరో తుమ్మారు. అంతే, లేచెళ్ళిపోయారు. ఇప్పుడు బాపట్ల వియ్యంకుడు గారు అంతకంటే ఘనుడు. ఎదురుగా పిల్లి వస్తే బస్సు దిగి ఇంటికెళ్ళి, మంచినీళ్ళు తాగి, మళ్ళీ బయల్దేరతాడు. ఈసారి కూడా తప్పిపోతే ఇంక ఎవరి ముందూ కూర్చోనని మా అమ్మాయి ఖాయంగా చెప్పేసింది. కార్డు మీద ఈగ వాలిన మచ్చ కూడా ఉండకూడదు బాబూ."

"మాస్టారూ, ఇక్కడ పని సాంకేతికంగా జరుగుతుంది. మీరు నిశ్చింతగా వెళ్ళండి" అన్నాను. ఆ మాట తల్చుకుంటే ఇప్పటికీ చెవులు వేడెక్కుతాయి.

శుభలేఖలు అచ్చువేసే రోజున మావయ్య కాగితం కొనడానికి బెజవాడ వెళ్ళాడు. అదే రోజు మా వీధి చివరి కలప డిపో వాళ్ళు పరుగున వచ్చారు. పెద్దాయన పోయాడు, పెద్దకర్మ కార్డులు సాయంత్రానికి కావాలి, పైన ఆయన ఫొటో పెద్దగా ఉండాలి అని, దాన్ని అచ్చువేసే బ్లాకు కూడా తెచ్చారు. ఫొటో పెద్దది కాబట్టి సిరా ఉదారంగా పట్టించాం. బయట ముసురు. చెమ్మకి గోడలు కూడా చెమటలు పోస్తున్నాయి. పడమటి దండెం మీద కార్డులు ఆరడం అటుంచి, జారి కిందపడుతున్నాయి. ఎదురుగా నా స్టాండు, దాని పక్కన కరెంటు ఫ్యాను, పై అరల్లో శుభలేఖలు. కింది అరలు ఖాళీ.

ఖాళీ అరని చూస్తే నాకు నిద్రపట్టదు.

"బాబూ, మీ మావయ్యగారు ఏం చెప్పారు?" అన్నాడు దానియేలన్న.

"మావయ్యకి గాలి ప్రవాహం గురించి తెలియదన్నా."

"అది సరే. కింద పెద్దకర్మ, పైన పెళ్ళి. లోకంలో వరస అది కాదు గదా?"

నేను వినలేదు. పెద్దకర్మ కార్డులు కింది అరల్లో పట్టకపోతే, శుభలేఖల మధ్య అరల్లోకి కూడా ఎక్కించాను. ఇంకా కొన్ని మిగిలాయి. అరల్ని కొంచెం దగ్గరకి జరిపితే పైన ఇంకో అర పెట్టొచ్చనిపించింది. ఒక చేత్తో పిడి పట్టుకుని, రెండో చేత్తో మేకు లాగాను. చెమ్మకి పిడి జారింది.

హార్మోనియం ఒక్కసారిగా ఊపిరి వదిలేసినట్టు అరలన్నీ ఒకదాని మీద ఒకటి కూలబడ్డాయి.

"ప్రభువా!" అన్నాడు దానియేలన్న.

అప్పుడు కూడా బుర్ర పనిచేసింది, అదే నా దురదృష్టం. పిడి మళ్ళీ ఎత్తాను. శుభలేఖల్ని పరీక్షకి పెట్టాను. ఒకటి, అక్షరాలు చెదిరాయా? లేదు. రెండు, రంగు అంటుకుందా? లేదు. మూడు, అంచులు నలిగాయా? లేదు. అన్నీ కడిగిన ముత్యాల్లా ఉన్నాయి. పెద్దకర్మ కార్డుల్లో పెద్దాయన కాస్త పలచబడ్డాడు. పోయినవాళ్ళు పలచబడటం సహజమే కదా అని సరిపెట్టుకున్నాను. మర్నాడు మాస్టారు వచ్చి, పైనున్న కార్డు చూసి, కళ్ళకద్దుకుని కట్టలు పట్టుకెళ్ళారు. మావయ్య నా భుజం తట్టాడు. తూర్పు దండెం ఆ సాయంత్రమే విప్పేశాడు.

నా పరీక్షలో నాలుగో అంశం లేదని మీరు గమనించే ఉంటారు. కార్డుకి వెనక అనే వైపు ఒకటి ఉంటుందని నాకు పాలిటెక్నిక్‌లో ఎవరూ చెప్పలేదు.

వారం తిరక్కుండా మాస్టారు రేపల్లె రైలు దిగి, తడిసిన గొడుగు కూడా ముడవకుండా ప్రెస్సులోకి వచ్చి, ఒక శుభలేఖ మావయ్య ముందు పెట్టి వెనక్కి తిప్పారు.

నాలుగు మూలలా ముందువైపు నుంచి దిగిన మంగళకరమైన పసుపు. మధ్యలో కలప డిపో పెద్దాయన.

పలచటి అక్షరాలు అప్పటికే ఆరిపోయి అంటుకోలేదు గాని, ముద్దగా ఉన్న ఫొటో సిరా మాత్రం పై అరలోని కార్డు వీపుకి హాయిగా అంటుకుంది. కుడి ఎడమైన మొహం, మబ్బుల్లోంచి చూస్తున్నట్టు మసకమసకగా. నైలాను తీగలు అడ్డం వచ్చిన చోట సిరా పడక, నుదుటి మీద అడ్డంగా తెల్ల గీతలు.

పెళ్ళికి వెళుతూ పిల్లిని చంకన పెట్టుకెళ్ళాడని సామెత. నేను పెద్దకర్మనే చంకన పెట్టి పంపాను.

"సగం కార్డులకి ఇలాగే ఉందండి. పసుపు రాసేటప్పుడు మా ఆడవాళ్ళు కూడా ముందువైపే చూశారు. బాపట్ల కట్ట అక్కడికి చేరిపోయింది. వెంటనే రమ్మని వియ్యంకుడు గారి కబురు." మాస్టారు కార్డు మళ్ళీ ముందువైపుకి తిప్పారు. "తుమ్ముకే పోయిందండి ఒకటి. దీనికేమవుతుందో మీరే చెప్పండి."

మావయ్య నన్ను తిట్టలేదు. చొక్కా తొడుక్కున్నాడు. "పద ఇంజినీరూ. బాపట్ల వెళ్ళి వాళ్ళ కాళ్ళు పట్టుకుందువుగాని. అర కదపనేల, కాళ్ళు పట్టుకోనేల!"

ముగ్గురం రైలెక్కాం. బాపట్లలో వియ్యంకుడి ఇంటి ముందు చెప్పులే చెప్పులు. లోపల పంచాయతీ అనుకున్నాను. వసారాలో పడక్కుర్చీలో పెళ్ళికొడుకు మామ్మగారు, చేతిలో శుభలేఖ, తిరగేసి.

"వీళ్ళేనా అచ్చువేసింది?" అంది.

"తప్పయిపోయిందండి, కుర్రాడు..." అని మావయ్య నన్ను ముందుకి తోశాడు.

"తప్పేంటి నాయనా! మా ఆయన ఫొటో మీకెవరిచ్చారు?"

మావయ్య నన్ను తోస్తున్న చెయ్యి తీసేశాడు.

"నేనింకా అనుమానపడుతున్నానమ్మా" అన్నాడు వియ్యంకుడు. "నాన్న క్రాపు ఎడమ వైపు గదా?"

"నోర్మూసుకో. నీకంటే నాకు తెలీదా? మీ నాన్నది కుడి పాపిడే. ఆ మీసం చూడు. నుదుటి మీద విభూతి రేఖలు చూడు! విభూతి లేకుండా ఒక్క పూటైనా కనిపించారా ఆ మనిషి?" మామ్మగారు కళ్ళొత్తుకుంది. "మనవడి పెళ్ళి చూడకుండా పోయారని ఏడ్చాను. కార్డు వెనక నిలబడి వచ్చారు. మాస్టారూ, ఎంత మర్యాద తెలిసినవాళ్ళయ్యా మీరు!"

మాస్టారు నోరు తెరిచారు. మావయ్య వెనకనుంచి ఆయన చొక్కా లాగాడు. మాస్టారు నోరు మూసుకున్నారు. జీవితమంతా పిల్లలకి నిజం చెప్పాలని పాఠం చెప్పిన మనిషి, ఆ ఒక్క క్షణం సెలవు తీసుకున్నారు. ఆయన్ని తప్పుపట్టే ధైర్యం మీకుంటే ముందు ఒక ఆడపిల్ల పెళ్ళి చేసి రండి.

"అంతా బాగానే ఉంది గాని," అని వియ్యంకుడు నా వైపు తిరిగాడు, "చుట్టాలందరి ఎదుట నా పరువు తీశావు గదయ్యా! మా పెదబావకి నాన్న ఉన్న కార్డు వెళ్ళింది. చినబావకి ఉత్త కార్డు వెళ్ళింది. మేం పరాయివాళ్ళమా, మాకెందుకు ఆశీర్వచనం లేదని ఆయన పెళ్ళికి రానని కూర్చున్నాడు. ఆ చెప్పులన్నీ ఉత్త కార్డు వచ్చినవాళ్ళవే. మిగతా సగం కూడా నాన్నతో వేసి పంపు. ఇలాగే ఉండాలి, మసగ్గా, దైవికంగా!"

తెనాలి ప్రెస్సుకి తిరిగి రాగానే నా శిక్ష మొదలైంది. బ్లాకు శుభ్రంగా కొడితే పెద్దాయన స్పష్టంగా పడి కలప డిపో ఆనవాళ్ళన్నీ చూపిస్తున్నాడు. అలా పంపితే పెళ్ళి అక్కడితో సరి. జరిగిన తప్పే అచ్చంగా, మళ్ళీ జరగాలి. తడి ఫొటోలు కిందా శుభలేఖలు పైనా వచ్చేలా అరల్లో పేర్చాను, మేకు లాగాను. మొదటిసారి మీసం మాత్రమే పడింది. రెండోసారి మీసం లేదు గాని తక్కినదంతా పడింది. ఇంకోసారి విభూతి రేఖలు మెడ మీదికి దిగాయి.

"డిప్లొమాలో పొరపాటు ఎలా చేయాలో చెప్పలేదా?" అన్నాడు మావయ్య. "మొన్న చూడకుండా చేశావు గదా, ఇప్పుడు చూసి చెయ్యడానికేం?"

ఒప్పు చేసేవాణ్ణి ఎక్కడైనా చూస్తాం. తప్పుని కొలత ప్రకారం చేసినవాణ్ణి నన్నే చూడాలి. పిడి పట్టుకుని ఎత్తుతూ దించుతూ, హార్మోనియం వాయించినట్టు ఆ కార్డులన్నీ దింపేసరికి నా రెక్కలు పడిపోయాయి. పక్కన దానియేలన్న పాట అందుకున్నాడు.

పెళ్ళి రేపల్లెలో జరిగింది. ఎవరూ తుమ్మలేదు, తుమ్మినా వియ్యంకుడు వినే స్థితిలో లేడు. ఆయన కార్డు వెనక వైపు చూపిస్తూ చుట్టాల మధ్య తిరుగుతున్నాడు. భోజనాల బంతిలో నా పక్కన కూర్చున్నాయన శుభలేఖ తిరగేసి, విస్తరి పక్కన పెట్టి, అదేపనిగా చూస్తున్నాడు. పందిరి కర్రలు తెచ్చిన తెనాలి కలప డిపో గుమాస్తా అని తెలిసేసరికి నా గొంతులో పూర్ణం బూరె అడ్డంపడింది.

"ఏంటండీ, తెలిసినాయనా?" అన్నాను నీళ్ళు తాగి.

"ఈ మధ్యే పోయిన మా యజమానిలా ఉన్నాడండి. అచ్చం అలాగే."

"అవునా?"

"అవునండి. కానీ ఆయన అయ్యుండడండి."

"ఎంచేత?"

"మా యజమాని బతికినన్నాళ్ళూ ఒక్క పెళ్ళికీ వెళ్ళలేదండి, చదివింపులు రాయించాల్సొస్తుందని." గుమాస్తా కార్డు మడిచి జేబులో పెట్టుకుని సాంబారు అడిగాడు.

ఖర్చు లేకుండా పెళ్ళి చూసే ఏర్పాటు ఆయన పోయాక నేను చేశానన్నమాట.

తెనాలి తిరిగొచ్చేసరికి తూర్పు దండెం మళ్ళీ కట్టి ఉంది. నా స్టాండు మేడ మీద అత్తయ్య వడియాలు మోస్తోంది. ఎండ తగిలేంత దూరానికి అరలు సర్దుకుంటాయి, ఇంత మంచి యంత్రం ఎవరు చేస్తారని ఆవిడ మెచ్చుకుంది. అందుచేత, నా డిప్లొమా మీద చెయ్యేసి, ఆ మేకు సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. ఇక ఈ జన్మలో పెళ్ళినీ పెద్దకర్మనీ ఒక గూటికి ఎక్కించను. ఏ కాగితాన్నీ వీపు చూడకుండా ఇల్లు దాటనివ్వను. నాకు పెళ్ళంటూ కుదిరితే శుభలేఖలు దండెం మీదే ఆరబెడతాను, తూర్పు గోడ పక్కనే. మా తాతయ్య ఆశీర్వచనం కావాలంటే ఆయన్నే అడుగుతాను. ఆయన ఇంకా బతికే ఉన్నాడు, పైగా చదివింపులు రాయిస్తాడు.