మా స్కూటర్‌కి చలేసిన వారం

నా ముక్కు చూసి నవ్వకండి. ఈ జలుబు వానలో తడిస్తే వచ్చింది కాదు, ఆఫీసు ఏసీలో కూర్చుంటే వచ్చింది కాదు. చేపల బండి వెనకాల ఐసు పెట్టె మీద కూర్చుంటే వచ్చింది. అదీ మంచి చుడీదార్ వేసుకుని, ఒళ్లో హెల్మెట్ పెట్టుకుని. ముందు ఆ అల్లం టీ ఇటివ్వండి, చెప్తాను.

వైజాగ్‌లో మా అత్తమ్మ చెల్లెలు ఉంది కదా, ఆవిడ కూతురి పెళ్లి. ఆ పిల్లని చిన్నప్పుడు కొన్నాళ్లు మా అత్తమ్మే పెంచిందిట. అందుకే పెళ్లి కుదిరిన దగ్గర్నించీ ఆవిడ నోట్లో వేరే మాట లేదు. ఇక మన అండమాన్ నుంచి వైజాగ్ వెళ్లే ఓడ సంగతి మీకు తెలిసిందే, నెలకోసారి వస్తే గొప్ప. ఈ శనివారం ఓడ తప్పిందంటే, మళ్లీ ఓడ వచ్చి ఆవిడ అక్కడికి చేరేసరికి పెళ్లికూతురు అత్తారింట్లో వంట చేస్తూ ఉంటుంది. విమానం టికెట్లు కూడా చూశాం. చూసి ఫోన్ పక్కన పెట్టేశాం.

మా ఆయన డ్యూటీ ఎక్కడో ఉత్తరాన మాయాబందర్‌లో. అమ్మకి ఆటో మాట్లాడు, మన స్కూటర్‌ని నమ్ముకోకు అని ఫోన్లో చెప్పాడు. నాకు రోషం వచ్చింది. దాన్ని రోజూ బంబూఫ్లాట్ జెట్టీ దాకా నడిపేది నేను. అక్కడ పార్క్ చేసి, బోటెక్కి పోర్ట్ బ్లెయిర్‌లో డ్యూటీకి పోయేది నేను. దాని నాడి నాకు తెలియదా? పక్కింటివాళ్లు కూడా అదే ఓడకి వెళ్తూ, ముందురోజే ఓడ ఆగే హడ్డోలో చుట్టాలింటికి పోయారు. అత్తమ్మని కూడా రమ్మన్నారు. పెట్టెలు వాళ్లతో పంపి మనిషిని మాత్రం నేనే ఆపాను. మా అత్తమ్మని ఓడ దగ్గర నేను దింపుతాను, మీకెందుకు శ్రమ అన్నాను. పెద్ద కోడల్ని కదా.

అసలు గొడవ ఆ వారం మొదట్లోనే మొదలైంది. వానలు పోయి గాలి మళ్లింది. మన చలి గురించి చెప్తే మెయిన్‌ల్యాండ్ వాళ్లు నవ్వుతారు. ఫ్యాన్ ఒక నంబరు తగ్గించామంటే మనకి అది శీతాకాలం. ఆ వారం మేం ఫ్యాన్ పూర్తిగా ఆపేశాం, అంత చలి. సోమవారం పొద్దున్న బటన్ నొక్కితే స్కూటర్ రెండు దగ్గులు దగ్గి ఊరుకుంది. కిక్ కొట్టి కొట్టి కాలు పట్టేసింది. ఆ రోజు పక్కవీధి దీదీ బండి మీద వెళ్లాను, బోటు మిస్సయింది, ఆఫీసులో మాట పడ్డాను. అప్పుడే భయం పట్టుకుంది. శనివారం కూడా ఇలాగే చేస్తే?

ఆ రాత్రి ఫోన్లో వెతికితే ఒక వీడియో దొరికింది. హిమాచల్‌లో ఎవరో భయ్యా, మోకాలి లోతు మంచులో నిలబడి హిందీలో చెప్తున్నాడు. రాత్రి బండికి మందంగా ఏదైనా కప్పండి, పొద్దున్న చోక్ లాగి స్టార్ట్ చేసి ఇంజన్‌ని బాగా వేడెక్కనివ్వండి అన్నాడు. ఆయన స్వెటర్ మీద స్వెటర్ వేసుకున్నాడు, వెనకాల కొండలన్నీ తెల్లగా ఉన్నాయి. నేను నైటీలో కూర్చుని విసనకర్రతో దోమలు తోలుకుంటున్నాను. అయినా నాకు ఏ అనుమానమూ రాలేదు.

కప్పడానికి మందంగా ఏముంది ఇంట్లో? అత్తమ్మ ఉన్ని దుప్పటి ఉంది. ఆవిడ నిద్రపోయే ముందు మెల్లగా లాగేశాను. మర్నాడు పొద్దున్న చోక్ లాగి కిక్ కొడితే బండి బుర్రుమని లేచింది. హిమాచల్ భయ్యాకి అక్కణ్ణించే దండం పెట్టాను. ఇక రోజూ అదే పని. బండి స్టార్ట్ చేసి వాకిట్లో వదిలేయడం, స్నానం, టిఫిన్, జడ, అన్నీ అయ్యాక వచ్చి ఎక్కడం. ఈ చివర నుంచి ఆ చివరదాకా వీధి వీధంతా పొగ.

అత్తమ్మ మాత్రం దుప్పటి కోసం ఇల్లంతా వెతికింది. ఉతికాను అత్తమ్మా, ఎండ లేదు కదా, ఆరలేదు అన్నాను. వారమంతా ఆ దుప్పటి ఆరలేదు. ఆవిడ పాత చీర మడతపెట్టి కప్పుకుని, కాళ్లు కడుపులోకి ముడుచుకుని పడుకునేది. చూస్తే నాకు ప్రాణం చివుక్కుమనేది. పొద్దున్నే బండి స్టార్ట్ అయిందంటే ఆ బాధ పోయేది.

ఇంకో విషయం చెప్పాలి. మా బండికి పెట్రోల్ ముల్లు సగం దగ్గర ఇరుక్కుపోయి ఉంటుంది. ఉప్పు గాలికి ఎప్పుడో తుప్పు పట్టింది. అందుకని ప్రతి ఆదివారం పెట్రోల్ పోయిస్తాను, మళ్లీ ఆదివారం దాకా చూడక్కర్లేదు. ఎప్పుడైనా అనుమానమొస్తే హ్యాండిల్ పట్టుకుని బండిని ఊపి, సీటు దగ్గర చెవి పెడతాను. గలగలమంటే ఉన్నట్టు. పెళ్లయిన దగ్గర్నించీ ఇదే పద్ధతి, ఎప్పుడూ మోసపోలేదు.

శనివారం తెల్లారకముందే బండి స్టార్ట్ చేశాను. అత్తమ్మ స్నానం చేసింది. గోడ మీదున్న దేవుళ్లందరికీ పేరు పేరునా దండం పెట్టింది. తర్వాత ఎదురింటికి, ఆ పక్కింటికి చెప్పి రావడానికి వెళ్లింది. అంతసేపూ బండి వాకిట్లో ఆడుతూనే ఉంది. ఆవిడ వచ్చి, దాన్నెందుకే అలా ఊరికే ఏడిపిస్తావు అంది. వార్మప్ అత్తమ్మా అన్నాను, మెకానిక్ లెవెల్లో.

పెట్టెలు లేవు కాబట్టి ఒళ్లో ఒక్క సంచీ పెట్టుకుని వెనక కూర్చుంది. దార్లో ఎక్కడా ఇబ్బంది లేదు. బంబూఫ్లాట్‌లో బళ్లని కూడా ఎక్కించుకునే వెహికల్ ఫెర్రీ ఎక్కాం. అవతల చాథమ్‌లో దిగితే, అక్కణ్ణించి హడ్డోలో ఓడ దగ్గరికి నాలుగడుగుల దారి. టూవీలర్లని ముందుకి పంపుతారు కదా, మా బండి సరిగ్గా దిగే తలుపు ముందు. వెనకాల లారీ, దాని పక్కన గవర్నమెంట్ జీపు, చేపల వ్యాను, ఇంకా బోలెడు బళ్లు. నేను ఇంజన్ ఆపలేదు. ఫెర్రీలో పనిచేసే ఆయన వచ్చాడు.

"దీదీ, ఇంజన్ బంద్ కరో."

"భయ్యా, బంద్ కరేగా తో ఫిర్ చాలూ నహీ హోగా. ఠండ్ హై."

ఆపితే ఈ చలికి మళ్లీ స్టార్ట్ అవదని నా గోల. ఆయన మెడ మీద తువ్వాలుతో చెమట తుడుచుకుంటున్నవాడు ఆగిపోయి నా వైపు చూశాడు. ఠండ్? అని మాత్రం అడిగాడు. రూల్ రూలే అన్నాడు. నేను బతిమాలుతున్నాను, వెనకాల జీపులో వాళ్లు నవ్వుతున్నారు, ఇంతలో ఇంజన్ తనంతట తనే టుక్ టుక్‌మని ఆగిపోయింది. నేను ఆపాననుకుని ఆయన శుక్రియా దీదీ అని వెళ్లిపోయాడు. నేను మాత్రం సముద్రం గాలి తగిలి ఇంజన్‌కి చలి పట్టేసింది అనుకున్నాను.

కిక్ కొట్టాను. లేదు. చోక్ ఇంకా లాగాను. లేదు. అత్తమ్మ నా వెనకే నిలబడి ఉంది.

"ఏటే, పెట్రోలుందేటి?"

"ఉందత్తమ్మా, మొన్న ఆదివారమేగా పోయించాను" అని బండిని ఊపి సీటు దగ్గర చెవి పెట్టాను. గలగలగలా వినిపించింది. ఎప్పుడూ లేనంత బాగా వినిపించింది. ట్యాంకు నిండా ఉంది అని చెప్పేశాను.

ఈలోపు చాథమ్ వచ్చేసింది. తలుపు దింపారు. ముందు నేనున్నాను, నా వెనకాల ఊరంతా ఉంది. హారన్లు మొదలయ్యాయి. చూస్తుండగానే ఫెర్రీలో ఉన్న మగాళ్లంతా మెకానిక్‌లైపోయారు. ఒకాయన ప్లగ్ ఊడదీసి లుంగీ అంచుకి తుడిచాడు. ఒకాయన బండిని పక్కకి వంచి చూడమన్నాడు. ఇంకొకాయన పూనకం వచ్చినట్టు కిక్ కొట్టి చెప్పు తెంపుకున్నాడు. చలికే అన్నాను నేను అందరితో. అవునవును, ఈసారి చలి ఎక్కువే అన్నారు అందరూ.

 అక్కణ్ణించి హడ్డోలో ఓడ తెల్లగా కనిపిస్తోంది, అత్తమ్మ దాన్నే చూస్తోంది. గేటు మూసే టైం దగ్గర పడుతోందని ఇద్దరికీ తెలుసు. సంచీలోంచి చిన్న డబ్బా తీసింది. పెళ్లికూతురి కోసం కొన్న ముత్యాల దండ. ఒకసారి చూసుకుని, మూతపెట్టి, మళ్లీ లోపల పెట్టేసింది. తిట్టినా బాగుండేదండీ. నాకు ఏడుపొచ్చేసింది.

చివరికి నలుగురూ కలిసి బండిని తోసి ఒడ్డున పడేశారు. ఫెర్రీ ఆయన మళ్లీ వచ్చి, పెట్రోల్ హై క్యా దీదీ అన్నాడు. ఇక నాకు ఒళ్లు మండింది. ఎంతమందికి చెప్పాలి? "సునో భయ్యా, ఖుద్ సునో" అని, నువ్వే విను అన్నట్టు హ్యాండిల్ పట్టుకుని అందరి ముందూ గట్టిగా ఊపాను.

చప్పుడు లేదు. మళ్లీ ఊపాను. ఏమీ లేదు. వెనక్కి తిరిగి చూస్తే ఫెర్రీ కింద నీళ్లు గలగలమంటున్నాయి. ఇందాక ఫెర్రీలో నేను విన్నది ఆ సముద్రాన్ని.

ఆయన మూత తీసి ఫోన్ లైట్ వేశాడు. ట్యాంకు అడుగు గిన్నె తోమినట్టు మెరిసిపోతోంది. చోక్ కూడా లాగే ఉందేంటని అడిగాడు. వారం నుంచి లాగే ఉంది. చోక్ లాగి వదిలేస్తే బండి పెట్రోల్ తెగ తాగేస్తుందిట. బండి వేడెక్కగానే చోక్ మూసేయాలని హిమాచల్ భయ్యా వీడియో చివర్లో చెప్పాడు. చివరిదాకా నేనెప్పుడు చూశాను గనక?

అప్పటిదాకా హారన్ కొట్టిన చేపల వ్యాను డ్రైవరు మన తెలుగాయనే. "అమ్మా, ఆ ఓడకేనా? బేగి ఎక్కండి" అన్నాడు. ముందు సీట్లో ఒక్కరికే చోటుంది. అత్తమ్మ పట్టుచీర కుచ్చిళ్లు ఎత్తి పట్టుకుని ఎక్కేసింది. నేను వెనకాల ఐసు పెట్టె మీద. మూత సరిగ్గా లేదు. ప్రతి గతుక్కీ చల్లటి నీళ్లు నా చుడీదార్‌లోకి వస్తున్నాయి, సూరచేప ఒకటి కళ్లు తెరిచి నన్నే చూస్తోంది. చలంటే ఏంటో నాకు ఆ దార్లో తెలిసింది.

హడ్డోలో గేటు ఒక రెక్క అప్పటికే మూసేశారు. పక్కింటివాళ్లు లోపల్నించి చేతులూపుతున్నారు. అత్తమ్మ దిగి, ఆ వయసులో, సంచీ చంకన పెట్టుకుని పరుగెత్తింది. లోపలికి వెళ్లిపోయింది. హమ్మయ్య అనుకుని నేను ఐసు నీళ్లు పిండుకుంటున్నాను. అంతలో ఆవిడ వెనక్కి తిరిగి గేటు దగ్గరికొచ్చింది.

"ఓలమ్మా, దానికి సలి కాదే, దాహం. వారం నుంచి నా దుప్పటి కప్పినావు గానీ, గుక్కెడు పెట్రోలు పోసినావు కాదు."

అని నా తల నిమిరి వెళ్లి ఓడెక్కింది. అంటే దుప్పటి ఎక్కడుందో మొదటి రోజు నుంచీ ఆవిడకి తెలుసు. తెలిసే కాళ్లు ముడుచుకుని పడుకుంది.

తర్వాత నేను బంకుకి నడిచి వెళ్లి పెట్రోల్ తెచ్చి, చాథమ్‌లో వదిలేసిన బండికి పోశాను. ఒక్క కిక్‌కే బండి లేచింది. ఆ రాత్రే నాకు జలుబు, దాని వెనకే జ్వరం. స్కూటర్ మీంచి దుప్పటి తీసి నేనే కప్పుకున్నాను, ముసుగు తన్నితే గుప్పుమని పొగ వాసన. అత్తమ్మ వచ్చేలోపు ఉతికి పెడదామని పొద్దున్నే తీగ మీద ఆరేశాను. ఈసారి నిజంగానే ఎండ లేదు.