డానియేలు అంకుల్ సముద్రాన్ని ఊడ్చేసిన రోజు

పిల్లనివ్వబోయే ఇంట్లో మంచి పేరు కొట్టేద్దామని ఉబలాటపడేవాళ్లు ముందు నా కథ వినండి. ఒక్క పూటలో, ఒక్క పీచుముక్కతో, ఏకంగా సముద్రాన్నే పాడుచేసిన ఘనుణ్ణి నేను. అదీ శామీర్‌పేటలో! ఇక్కడ సముద్రమేమిటంటారా? చెబుతాను, కంగారుపడకండి.

డానియేలు అంకుల్ మా సంఘ పెద్ద, తుర్కపల్లిలో ఏదో ల్యాబులో పెద్ద ఉద్యోగం. ఆయన హాల్లో మంచమంత గాజు తొట్టి, దాన్నిండా ఉప్పునీళ్లు, సముద్రపు చేపలు. ఆయన కూతురు సునీతా నేనూ పెళ్లి చేసుకోవాలనుకున్నాం. అంకుల్ మాత్రం "సూద్దాం తియ్" అని ఊరుకున్నాడు. ఆ "సూద్దాం" దగ్గరే నా బతుకంతా ఆగిపోయింది.

ఆ ఆదివారం వాళ్లింట్లో ప్రార్థన కూడిక. కూడికంటే అందరూ కిందే కూర్చుంటారు. అందుకని సోఫాలూ మంచాలూ బయట పడేసి, హాలంతా జంపఖానాలు పరుస్తాం.

"సుధాకర్, నేను పాస్టరయ్యను తోల్కొస్త. హాలంత ఖాళీ జెయ్. ఒక్క సామాను గూడ అడ్డముండొద్దు," అని అంకుల్ కారెక్కాడు.

ఒక్కటి కూడా ఉండొద్దన్నాడా లేదా? మీరే సాక్ష్యం!

సోఫా పోయింది, టీపాయి పోయింది. తొట్టి మీద నా కన్ను పడింది. దాన్నిండా నాచు పట్టిన బొక్కల రాళ్లు. చేపలేమో ఇక్కడొక తోక, అక్కడొక ముక్కు తప్ప కనిపించవు. ఇంత ముచ్చటైన చేపల్ని తెచ్చుకుని గుట్ట వెనకాల దాచుకోవడమేమిటి? సోఫా అడ్డమైనప్పుడు రాళ్లు అడ్డం కావా? చేతులు ముంచి రాళ్లన్నీ పైకి తీశాను. పీచుతో రుద్ది రుద్ది కడిగాను. మిద్దె మీద అప్పడాల్లా ఎండబెట్టాను. తొట్టి మీది జాలీ మూత కూడా కడిగి పక్కనే ఆరేశాను. ఇక తొట్టి అడుగు చూడాలి, మా ఊరు గౌడవెల్లిలో కూడా అంత చదునైన నేల లేదు.

వంటింట్లోంచి సునీత వచ్చింది.

"ఏం జేసినవ్?"

"సాఫ్ జేసిన. చేపలన్నీ ఇప్పుడు మంచిగ కనబడ్తున్నయ్ గదా!"

"ఒకదానికొకటి గూడ కనబడ్తున్నయ్! నాయిన సూస్తె సంపుతడు!"

నిజమే. బొటనవేలంత నీలం చేప ఒకటుంది, చూడ్డానికి పసిబిడ్డ. అడ్డుగోడల్లేకపోయేసరికి తొట్టంతా తనదే అనుకుంది. పసుప్పచ్చ చేపను ఈ చివర్నుంచి ఆ చివరిదాకా తరమడం మొదలుపెట్టింది. నారింజరంగు జంట ఒక మూలకు నక్కి వణుకుతోంది. మిద్దె మీదికి పరుగెత్తబోయానో లేదో, గుమ్మంలో పాస్టరయ్య, వెనకే అంకుల్, సంఘమంతా!

తొట్టికి అడ్డంగా ఇద్దరం నిలబడ్డాం.

"గట్ల నిలబడ్డరేంది? కూసోండ్రి," అన్నాడు అంకుల్.

కూర్చున్నాం. అందరూ కళ్లు మూసుకున్నారు, నేను తప్ప. పాస్టరయ్య "ఈ ఇంట శాంతి సమాధానములు నిలుపుము ప్రభువా" అన్నాడో లేదో, వెనక ఠప్పుమంది. మూతలేని తొట్టిలోంచి పసుప్పచ్చ చేప ఎగిరి సరిగ్గా ఆయన ముందు పడింది. ఆయన కళ్లు తెరిచి, ప్రార్థన సగంలోనే "ఆమేన్" అన్నాడు.

నేను దాన్ని పట్టుకుని నీళ్లలో వేశాను. బతికింది. నా సంగతే తెలియదు.

"రాళ్లేవి రా?"

"మిద్దె మీద... ఎండుతున్నయ్ అంకుల్."

"ఎండుతున్నయా! గవి ఉత్త రాళ్లనుకున్నవా? వాటి నిండ పానాలున్నయ్ రా! సచ్చిన రాళ్లు మళ్ల ఏస్తె నీళ్లన్ని ఖరాబైతయ్!" నాకు నిజంగా ఏడుపొచ్చింది.

సునీత ఏడవలేదు. పచ్చడి జాడీలు, పిడి విరిగిన కప్పులు, మట్టి ముంతలు కడిగి తెచ్చింది. "గిది వెట్టు, జల్ది!" అంటూ సంఘమంతా చేతులు మార్చి అందించింది. పాస్టరయ్య చొక్కా చేతులు మడిచాడు. పసుప్పచ్చది జాడీలో దూరింది, జంట కప్పు వెనక సర్దుకుంది. నీలం రౌడీ ఒక ముంతను ఆక్రమించి, మిగతావాళ్లు కనబడక కొట్లాటే మరిచిపోయింది.

అంకుల్ కాస్త చల్లబడ్డాడు. "సముద్రపొడ్డున పగడపు దిబ్బల కాడ గూడ గింతే. సందులు, బొక్కలు ఎన్నుంటె గన్ని తీర్ల జీవాలు బతుకుతయ్. చిన్నదానికి దాక్కునే జాగ దొరుకుతది. అంత చదును జేస్తె జోరున్నదొక్కటే మిగుల్తది."

పాస్టరయ్య ఇక తాను చెప్పేదేమీ లేదని చాయ్ అడిగాడు.

అంకుల్ నా వైపు తిరిగాడు. "రేపు నా బిడ్డ నీ ఇంటికొస్తె, తలుపేసుకొని కూసునేందుకు దానికంటు ఒక మూల ఉంటదా? లేకుంటె గిట్లనే సాఫ్ జేస్తవా?"

"రెండు మూలలిస్త మామా!"

మామ అన్న మాట దానంతటదే జారిపోయింది. ముందు ఆయనే పకపకా నవ్వాడు. ఆ రాళ్లకు మళ్లీ ప్రాణం రావడానికి నెలలు పట్టింది, అన్నాళ్లూ నీళ్లు మోసింది నేనే. సునీతను రోజూ చూడొచ్చు గనుక బరువు తెలియలేదు.

ఇప్పుడు మా ఇంట్లో నాలుగు మూలలూ ఆమెవే. మావాళ్లలో ఒట్లు పెట్టుకోరు గనుక లేచి నిలబడి మామూలుగానే ప్రకటిస్తున్నాను: ఇక ఈ జన్మలో, ఎవరింట్లోనైనా, ఎవరడిగినా, ఏ వస్తువునూ ఉన్నచోటు నుంచి కదపను. ఈ గంభీరమైన నిర్ణయాన్ని ముందుగా సునీతకే వినిపించాను. శ్రద్ధగా విన్నది.

"మస్తుంది. గా బీరువా జరిపినంక షురూ జెయ్," అంది.

జరిపాను.